మా వీధిలో షెల్బీ అనే పిల్ల లేదు

మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ కూర్చుని తీర్మానం చేసింది కాదు. మెడకు టై, చంకలో ఫైలు ఉన్న మనిషి మెట్లెక్కి ఎవరి పేరైనా అడిగితే, ఆ పేరుగలవాళ్ళు మా వీధిలో ఉండరు. ఒకప్పుడు ఉండి ఉండవచ్చు. ఇప్పుడు మాత్రం లేరు.

ఉక్కు మిల్లు మూతపడిన ఏడాది మొదలైంది ఇది. వాయిదాలు కట్టని కార్లు ఈడ్చుకుపోయేవాళ్ళూ, కోర్టు కాగితాలు అందించేవాళ్ళూ వంతులు వేసుకుని వచ్చేవారు. కాగితం మనిషి చేతికి అందితేనే చెల్లుతుందని మా నమ్మకం. అందుకని మనిషి దొరక్కుండా ఉంటే చాలు. దాచే విషయంలో ఎవరి పద్ధతి వారిది. మా ఎదురింటి గస్ పెట్రాకిస్ మిల్లులో కొలిమి దగ్గర చేసి చెవులు పోగొట్టుకున్న ముసలాయన. ఆయన అందరినీ ఫ్లోరిడా పంపేస్తాడు. ఆయన లెక్క ప్రకారం మా వీధిలో సగం మంది సముద్రపు ఒడ్డున ఎండ కాగుతూ ఉన్నారు. కుడివైపు ఇంటి లూయెల్లా టిబ్స్‌ది నాటకాల ధోరణి. ఆమె చంపేస్తుంది. చెప్తూ చెప్తూ నిజంగానే ఏడుస్తుంది కూడా. ఆమె చేతిలో మా ఆయన రెండుసార్లు పోయాడు. రెండోసారి గరాజులో ఉండి అంతా విన్నాడు. ఈసారి కాస్త గౌరవమైన జబ్బు చూడమని కబురు పెట్టాడు.

నేను మా వంటింట్లో ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించి రంగు వేస్తుంటాను. నాకంటూ ఒక అబద్ధం లేదు. సందర్భాన్ని బట్టి అల్లుతాను.

మా ఎడమవైపు ఇంటికీ మాకూ ఒకటే గోడ. అందులో డోరీన్ యానిక్, ఆమె కూతురు షెల్బీ ఉంటారు. డోరీన్ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. షెల్బీ మా కౌంటీ కాలేజీలో రెండేళ్ళు క్రిమినల్ జస్టిస్ చదివింది. ఎవరిని ఎప్పుడు పట్టుకోవచ్చు, ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి, అదీ చదువు. ఆ చదువుకు పధ్నాలుగు వేల డాలర్లు అప్పు చేసింది.

చదువు పూర్తయ్యాక ఆమెకు దొరికిన ఉద్యోగం మాల్‌లో బట్టల దుకాణంలో. కొనడానికి వచ్చినదానిలా తిరుగుతూ దొంగల్ని కనిపెట్టాలి. గంటకు పదిహేను డాలర్లు. మూడో తరగతి నుంచీ బడి ఎగ్గొట్టిన వాళ్ళ పిన్ని కొడుకు గోదాములో పెట్టెలు మోసి అంతకంటే బాగానే సంపాదిస్తున్నాడు.

"ఇవాళ ఎంతమందిని పట్టుకున్నావే?" అని అడిగేదాన్ని నేను.

"పట్టుకోకూడదాంటీ. ముట్టుకోకూడదు, వెంటపడకూడదు, దొంగా అనకూడదు. దగ్గరికెళ్ళి 'ఏమైనా సాయం కావాలా అండీ' అనాలంతే."

"దొంగని పట్టుకుని సాయం కావాలా అనా?"

"కొంతమంది కావాలంటారు కూడా. మొన్న ఒకావిడ కోటు సంచిలో కుక్కుకుంటూ, ఇదే ఒక సైజు పెద్దది ఉందా అంది."

ఆమెతో చదివినవాళ్ళ సంగతీ అంతే. ఒకడు పిజ్జాలు అందిస్తున్నాడు, ఒకతె ఫోన్లు అమ్ముతోంది, ఇంకొకడు శ్మశానానికి కాపలా. "వాడి ఉద్యోగమే నయం, ఎవరూ పారిపోరు," అనేది డోరీన్.

చలికాలంలో కారు గేర్‌బాక్సు పోయి షెల్బీ రెండు వాయిదాలు ఆలస్యం చేసింది. తర్వాత కట్టేసిందనుకోండి. కానీ అప్పటినుంచి డోరీన్‌కు కూతురి అప్పు నిద్రలోకి కూడా వస్తుండేది.

అలాంటి సమయంలో కౌంటీ జైల్లో అధికారుల ఉద్యోగాలు పడ్డాయి. గంటకు ఇరవై ఆరు డాలర్లు, ఆరోగ్య బీమా, పింఛను. షెల్బీ మా వంటింట్లోనే ప్రకటన చదివి వినిపించింది. "అర్హత హైస్కూలు. కాలేజీ చదువు ఉంటే మంచిది."

"'ఉంటే మంచిది' కోసమా పధ్నాలుగు వేలు?" అంది డోరీన్.

"ఉంటే ఏడాదికి ఐదొందలు ఎక్కువిస్తారమ్మా."

డోరీన్ వేళ్ళమీద లెక్క వేసింది. "అయితే నీకు యాభయ్యేళ్ళు వచ్చేసరికి చదువు గిట్టుబాటవుతుంది."

నవ్వుకున్నాం గాని, షెల్బీకి ఆ ఉద్యోగం ఎంత కావాలో మాకు తెలుసు. పొద్దున్నే లేచి కొండ మీదికి పరుగు తీసేది. పరుగు పరీక్ష నెగ్గింది, రాత పరీక్ష నెగ్గింది, ముగ్గురు పెద్దమనుషుల ముందు కూర్చుని వాళ్ళనూ నెగ్గింది. ఇంకొక్క మెట్టు ఉందంది. ఏమిటని అడిగితే పెదవి విప్పలేదు.

ఆ మెట్టు మేమే. జైలును నడిపే షెరిఫ్ ఆఫీసు తరఫున ఒక మనిషి వచ్చి, ఈ పిల్ల ఎలాంటిదని ఇరుగుపొరుగును అడుగుతాడు. ఎవరైనా ముందుగా చెప్పుకుంటారు, కాఫీ పెట్టి మంచిమాట చెప్పండి అని. షెల్బీ చెప్పలేదు. సాక్షికి ముందే చెప్పి ఉంచితే ఆ సాక్ష్యం చెత్తబుట్టలోకేనని కాలేజీలో పాత డిటెక్టివ్ ఒకాయన పాఠం చెప్పాడట. తరగతిలో మిగతావాళ్ళు కునికారేమో గాని, ఈ పిల్ల మాత్రం శ్రద్ధగా విన్నది. కన్నతల్లికి కూడా చెప్పలేదు.

ఆ మంగళవారం డోరీన్ మా వంటింట్లో ఉంది. తలంతా రంగు పట్టించి, పాయపాయకూ వెండి రేకు చుట్టాను. కిటికీ తెరిచి ఉంది. బూడిదరంగు కారు ఒకటి గస్ ఇంటిముందు ఆగింది. తెల్లమీసాల పొడుగాటి మనిషి దిగాడు. టై. లావుపాటి ఫైలు.

"ఎవరికో మూడింది," అన్నాను.

గస్‌తో మాట్లాడాలంటే అరవాలి గనుక మాకంతా వినిపించింది.

"షెల్బీ యానిక్ అనే అమ్మాయి ఈ వీధిలోనే ఉంటుందాండీ?"

"మీరెవరు?"

"షెరిఫ్ ఆఫీసు నుంచి."

"ఆహా. కిందటిసారి కాగితాలవాడు పూలగుత్తి పట్టుకొచ్చాడు, పుట్టినరోజు పూలన్నాడు. మీరు ఉత్తచేతులతో వచ్చి షెరిఫంటున్నారా?"

"కార్డు చూడండి. రెండు మూడు ప్రశ్నలే. ఆ అమ్మాయికి డబ్బు ఇబ్బందులేమైనా ఉన్నాయా? అప్పులు ఎగ్గొట్టడం లాంటివి?"

డోరీన్ నా చెయ్యి పట్టుకుంది. "మార్లా! లోను వాళ్ళు! ఇంటికే వచ్చేశారే!"

"ఫ్లోరిడా," అంటున్నాడు గస్. "వెళ్ళి చాలాకాలమైంది."

ఆ మనిషి ఏదో రాసుకుని వీధి దాటి లూయెల్లా ఇంటి మెట్లెక్కాడు. కాసేపు గొణుగుడు, తర్వాత వెక్కిళ్ళు.

"చంపేస్తోంది నా పిల్లని," అంది డోరీన్, కిటికీ దగ్గర చెవి ఒగ్గి.

"ఏం చెప్తోంది?"

"పడవ మునిగిందట."

"మంచిదే. శవం చూపించమని అడగరు."

ఇంతలో మా తలుపు చప్పుడైంది. డోరీన్ ఆ తలతో ఎక్కడికి పోతుంది? "నేను డోరీన్‌ని కాను," అంది గబగబా. "బెర్నీస్‌ని. మీ ఆయన తరఫు బంధువుని."

వచ్చిన మనిషి టోపీ తీసి, తన పేరు హార్లన్ వూస్టర్ అని చెప్పాడు. కరుడుగట్టిన నేరస్థులతోనూ ఇంత మర్యాదగానే మాట్లాడతాడేమో అనిపించింది. షెల్బీ గురించి అడిగాడు.

"ఆ పిల్లా? సైన్యంలో చేరిందండీ," అన్నాను.

ఆయన ఫైలులో చూసుకున్నాడు. "ఎదురింటాయన ఫ్లోరిడా అన్నారు. పక్కింటావిడ నీళ్ళలో మునిగి పోయిందన్నారు."

"అదేనండీ. సైన్యంలో చేరింది, వాళ్ళు ఫ్లోరిడా పంపారు, అక్కడే పడవెక్కింది."

అన్నీ కలిసివచ్చాయి. నా మీద నాకే గౌరవం కలిగింది. అక్కడితో ఆపవలసింది.

"మనిషి ఎలాంటిది?" అన్నాడు వూస్టర్.

వీడు ఇక ఆశ వదులుకుని పోవాలని, "పోయినవాళ్ళ గురించి అనకూడదు గాని, ఆ పిల్ల దగ్గర ఒక్క సెంటు కూడా రాలదండీ. పనికి ఒళ్ళు వంగదు, ఏ ఉద్యోగంలోనూ నిలవదు..." అన్నాను.

వెండిరేకులన్నీ ఒక్కసారి గలగలలాడాయి. "నోరు ముయ్యవే మార్లా! ఎవరికి ఒళ్ళు వంగదు? పదహారో ఏట నుంచి పనిచేస్తోంది అది! జ్వరమొచ్చినా మానలేదు! రెండంటే రెండు వాయిదాలు, అదీ ఆ దిక్కుమాలిన గేర్‌బాక్సు వల్ల!"

వూస్టర్ ఆమె వైపు తిరిగాడు.

"మీకు బాగా తెలిసినట్టుందే, అమ్మా..."

"బెర్నీస్," అంది డోరీన్. "నాకేం తెలీదు. ఎవరో అంటుంటే విన్నాను."

ఆయన ఫైలు మూశాడు. బల్లమీద కార్డు పెట్టాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రంగు నుదుటి మీదికి దిగుతోందమ్మా, కంట్లో పడేను," అన్నాడు.

ఈ గొడవలో రేకులు విప్పడం ఆలస్యమైంది. డోరీన్ జుట్టు క్యారెట్ రంగుకు తిరిగింది. అయినా మేమిద్దరం సంతోషంగానే ఉన్నాం. సాయంత్రం షెల్బీ పనినుంచి రాగానే ఆ సంతోషం ఆమెతో పంచుకున్నాం.

"లోను వాళ్ళొచ్చారే. పంపించేశాం," అంది డోరీన్. "నువ్వు చచ్చిపోయావు."

"అమ్మా, నీ జుట్టుకేమైంది?" అంటూ షెల్బీ బల్లమీది కార్డు తీసి చూసింది. అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. "లోను వాళ్ళు కాదమ్మా. ఈయన నా ఉద్యోగం."

అప్పుడు చెప్పింది అంతా.

"ముందే ఒక మాట చెప్పొచ్చుగా!" అంది డోరీన్.

"సాక్షులకి ముందే చెప్పకూడదమ్మా!"

"నేను సాక్షినా? నీ కన్నతల్లిని!"

"కాదు, బెర్నీస్‌వి!" అని షెల్బీ బల్లమీద తల పెట్టేసుకుంది. నవ్వుతోందేమో అనుకున్నాను. కాదు. ఆ దుకాణంలో ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు, దొంగలకు సైజులు వెతికిపెడుతూ, జీతంలో మూడోవంతు అప్పుకు పోస్తూ బతకాలి. దానికి కారణం బ్యాంకు కాదు, మేము.

ముక్కు తుడుచుకుని ఆమే ఫోన్ చేసింది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి మాటలు మాకు వినబడలేదు. ఫోన్ పెట్టేశాక చెప్పింది: "నీళ్ళలో మునిగిపోయిన అభ్యర్థి ఫైలు ముందుకు పంపడం కుదరదన్నారట పైవాళ్ళు. శనివారం మళ్ళీ వస్తారు. అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టమన్నారు. బెర్నీస్ గారిని కూడా పిలవమన్నారు."

శనివారం డోరీన్ తలకు రుమాలు కట్టుకుని, వాల్‌నట్ రోల్ అనే తీపి రొట్టె కాల్చింది. వాళ్ళ వరండాలో గస్, లూయెల్లా, నేను, డోరీన్ బడిపిల్లల్లా వరుసగా కూర్చున్నాం. షెల్బీ మెట్ల దగ్గర నిలబడింది. గస్‌కు వినబడాలని అందరం గొంతు పెంచే మాట్లాడాం. వూస్టర్ చెక్క కుర్చీలో సర్దుకుని ఫైలు తెరిచాడు.

"ఈసారి అంతా నిజమే చెప్తాం సార్," అంది లూయెల్లా. "ఒక్కటి కూడా దాచం. ఈ పిల్ల ఏడేళ్ళప్పుడు గస్ పెరట్లో టమాటాలు దొంగిలించింది."

"ఏమిటీ?" గస్ లేచాడు. "ఆ టమాటాలు నువ్వా? ఉడతలనుకుని నేను తుపాకీ కూడా కొన్నాను!"

"ఏ తుపాకీ?" అన్నాడు వూస్టర్.

గస్ కూర్చున్నాడు. "అదిప్పుడు ఫ్లోరిడాలో ఉంది."

ఇలా ఒక గంట సాగింది. మేం ఎంత నిజం చెప్పామంటే, ఒక దశలో వూస్టర్ చెయ్యెత్తి చాలన్నాడు. తర్వాత షెల్బీ వైపు తిరిగాడు.

"చూడమ్మా, నీ అప్పు గురించి నాకు దిగుల్లేదు. ఆలస్యమైనా కట్టావు. నీ వయసువాళ్ళలో అప్పు లేనివాడు నా దగ్గరికి ఇంతవరకు రాలేదు. నా దిగులు వేరే. జైల్లో ఉండేవాళ్ళు ఎక్కణ్ణించో రారు, ఇలాంటి వీధుల నుంచే వస్తారు. వీళ్ళు నీకోసం కళ్ళార్పకుండా అబద్ధమాడారు. రేపు వీళ్ళలో ఒకరు లోపల ఉండి, నాకోసం ఒక్క మాట చెప్పు షెల్బీ అంటే?"

"అబద్ధం చెప్పను సార్."

"అందరూ అదే అంటారమ్మా."

షెల్బీ ఇంకేదో అనబోయింది. ఇంతలో ఎర్రకారు ఒకటి వచ్చి ఆగింది. టై కట్టిన కుర్రవాడు దిగాడు. చేతిలో ఫైలు. గస్ ఇంటి తలుపు కొట్టాడు, కిటికీలోంచి చూశాడు, మళ్ళీ కొట్టాడు. తర్వాత వీధి దాటి మా వైపు వచ్చి, అందరికంటే ముందున్న షెల్బీని అడిగాడు.

"గస్ పెట్రాకిస్ ఎక్కడుంటారో తెలుసాండీ?"

గస్ నోట్లో వాల్‌నట్ రోల్ ఉంది. నమలడం ఆపేశాడు. లూయెల్లా చెయ్యి అలవాటుగా రుమాలు కోసం పోయింది; నేను ఆమె కాలు తొక్కాను. అందరం షెల్బీనే చూస్తున్నాం. వూస్టర్ కలం పక్కన పెట్టి తనూ చూస్తున్నాడు.

లేరంటే ఉద్యోగం పోయింది. ఇదిగో ఈయనే అంటే, ఆ తర్వాత ఈ వీధిలో ఏ మొహంతో తిరుగుతుంది? పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయన ఎక్కడున్నారో నాకు తెలుసు," అంది.

"అయ్యో దేవుడా," అంది లూయెల్లా.

"కానీ చెప్పను."

"చెప్పకపోవడమేమిటి?" అన్నాడు కుర్రవాడు.

"మీరు కాగితాలు అందించడానికి వచ్చారు. అది మీ పని. నేను మీకు దారి చూపించి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. నేను అబద్ధం చెప్పలేదు, మీకు అడ్డమూ రాలేదు. మీరు రోడ్డు మీద ఎంతసేపైనా నిలబడొచ్చు. ఈ మెట్లు మాత్రం మా అమ్మవి."

"అద్దెవి," అంది డోరీన్ మెల్లగా. నిజం చెప్పే ఊపు ఆమెకింకా తగ్గలేదు.

కుర్రవాడు వరుసగా మా మొహాలు చూసుకుంటూ వచ్చి గస్ దగ్గర ఆగాడు. "మీ పేరేమిటండీ?"

గస్ గుటక వేశాడు. రెండు బ్యాంకులను, ఒక ఫర్నిచరు కంపెనీని, తన రెండో భార్య లాయరును తప్పించుకున్న మనిషి. షెల్బీ వంక చూశాడు. ఆ పిల్ల ఆయన వైపు చూడకుండా రోడ్డుకేసి చూస్తోంది. ఫైలు మూయకుండా కూర్చున్న వూస్టర్‌ను కూడా చూశాడు.

"నేనే. ఇటు తే."

"మీరా? నిజంగానా?"

"నేనేనంటే నమ్మవేం? డ్రైవింగు లైసెన్సు చూపించమంటావా?"

కుర్రవాడు కాగితాలు ఇచ్చేశాడు. ఇంత తేలిగ్గా ఎవరూ దొరికినట్టు లేదు, పాపం, థాంక్స్ చెప్పి, దిగుతూ ఒక మెట్టు తప్పాడు. గస్ కాగితాలు చేత్తో తూచి చూశాడు. మోకాలి ఆపరేషను బిల్లు కట్టలేదని కోర్టు పిలుపు. "ఇంత బాకీకి ఇంకాస్త బరువుంటుందనుకున్నాను," అని మిగిలిన రోల్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"తాతా, నువ్వెందుకు..." అంది షెల్బీ.

"నువ్వు నోర్ముయ్. టమాటాల దొంగ."

వూస్టర్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "చెప్పి తీరాలని చట్టంలో లేదన్న సంగతి కాలేజీలో నేర్చుకున్నావా?"

"అవును సార్. రెండో సెమిస్టరు."

"అయితే ఆ పధ్నాలుగు వేలలో కొంత వసూలైనట్టే," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. డోరీన్ పొట్లం కట్టి ఇచ్చిన రోల్ మాత్రం, ఉద్యోగులు కానుకలు తీసుకోకూడదంటూ, అక్కడే నిలబడి సగం తిని వెళ్ళాడు.

ఉద్యోగం వచ్చింది. ఫోన్ వచ్చినప్పుడు షెల్బీ "ఎస్ సార్" తప్ప ఏమీ అనలేదు గాని, పెట్టేశాక ఆ అరుపుకు గోడ ఇవతల నా గిన్నెలు కదిలాయి. యూనిఫాం వాళ్ళే ఇస్తారట. బూట్లు మాత్రం మనమే కొనుక్కోవాలి, అదీ వాళ్ళు చెప్పిన రకమే. మొదటి జీతం రాకముందే మళ్ళీ ఖర్చా అని డోరీన్ గొణిగింది. ధర ఎంతో చెప్పమంటే పిల్ల చెప్పలేదు.

కొత్త బూట్లు కాళ్ళకు సర్దుకోవాలంటే నడవాలి. గస్ కోర్టు తేదీ షెల్బీ ఉద్యోగంలో చేరడానికి నాలుగు రోజుల ముందు పడింది. "నీతో నేనొస్తా తాతా, నడిచే వెళ్దాం," అంది. ఆ పొద్దున నేనూ లూయెల్లా కాఫీ కప్పులతో మెట్లమీద కూర్చున్నాం. గస్ చావులకు వేసుకునే సూటు తొడుక్కుని వచ్చాడు. షెల్బీ బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయి.

"ముందు ఏ ఖర్చు ఎంతో విడివిడిగా రాసిమ్మని అడగాలి," చెప్తోంది ఆమె గట్టిగా. "తర్వాత నెలకి ఎంత ఇవ్వగలవో చెప్పు. నిజం చెప్పు."

"నిజమా? మొదట్లోనేనా?"

"మొదట్లోనే."

"బేరమాడ్డానికి ఏం మిగులుతుందే అప్పుడు?"

కొండ దిగుతున్నకొద్దీ మాటలు తగ్గాయి. మలుపు దగ్గర షెల్బీ కుంటడం మొదలుపెట్టింది. ఆగి, గస్ భుజం పట్టుకుని, ఒక బూటు విప్పి మడమ రుద్దుకుంది. గస్ ఆ బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంతకు కొన్నావని కాబోలు, ఏదో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది.

"అంతా?" అన్న ఆయన కేక కొండమీద మా మెట్ల వరకూ వినిపించింది.